వెనక చక్రం కింద కొబ్బరినీళ్లు

అమెరికాలో క్యారీ అనే ఊళ్లో మా వీధి వాళ్లందరికీ నా కారు చప్పుడు తెలుసు. ఉదయం నేను స్టార్ట్ చేయగానే ఎదురింటి కుక్క మొరుగుతుంది. పక్కింటి పెద్దాయన కిటికీ మూసుకుంటాడు. చాలాకాలం దాన్ని నేను ఒక గౌరవంగానే తీసుకున్నాను. ఆఫీసులో నా పని వేరేవాళ్లు రాసిన కోడ్‌లో తప్పులు వెతకడం. తప్పు దొరికితే అది ఎవరిదో, ఎక్కడ మొదలైందో తేల్చడం. ఆ పని బాగా చేసినా ఎవరూ తల తిప్పి చూడరు. కారు స్టార్ట్ చేస్తే మాత్రం చూస్తారు.

నాది ఎర్ర మస్టాంగ్, ముందు జాలీ మీద గుర్రం బొమ్మ ఉండే కారు, ఐదు లీటర్ల ఇంజన్. నా స్నేహితుడిది నల్ల చాలెంజర్, అదీ అలాంటి జోరు కారే, కాకపోతే ఇంకా పెద్దది. అతనిది వరంగల్, నాది గుంటూరు పక్క. ఎమ్మెస్ చదివే రోజుల్లో ఒకే అపార్ట్‌మెంట్ హాల్లో పక్కపక్కన పరుపులు వేసుకుని పడుకున్నాం. ఇద్దరికీ కలిపి హీటర్ పనిచేయని పాత కరోలా ఒకటి ఉండేది. గ్రీన్‌కార్డులు వచ్చి, ఇళ్లు కొనుక్కుని, పిల్లలు తమ గదుల తలుపులు వేసుకోవడం మొదలుపెట్టాక, నలభై దాటిన వయసులో మాకు ఈ పిచ్చి పట్టింది.

ముందు నేను కొన్నాను. అతను వచ్చి కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, బానెట్ మీద చెయ్యి వేసి అన్నాడు:

"మంచిగుంది రా. ఎయిర్‌పోర్ట్‌ల రెంటల్ కౌంటర్ కాడ గిదే ఇస్తరు కదా?"

ఏడాది తిరక్కుండానే అతను చాలెంజర్ తెచ్చుకున్నాడు. నేను డోర్ తీసి లోపల కూర్చుని, "సోఫాసెట్ బాగుంది. దీనికి ఇంజన్ కూడా ఇచ్చారా?" అన్నాను.

అక్కణ్ణుంచి మొదలైంది. మాలాంటి వాళ్లు చుట్టుపక్కల ఇంకొందరు ఉన్నారని తెలిసి వాట్సాప్ గ్రూపు పెట్టాం. అందులో మస్టాంగ్ వాళ్లు ఒక పార్టీ, చాలెంజర్ వాళ్లు ఒక పార్టీ. మా రాష్ట్రం రెండుగా విడిపోయినప్పుడు కూడా మేమిద్దరం అన్ని మాటలు అనుకోలేదు. పుట్టినరోజు పార్టీల్లో మా భార్యలు మమ్మల్ని వేరువేరు టేబుళ్ల దగ్గర కూర్చోబెట్టేవారు.

మస్టాంగ్ మీద ఈ దేశమంతటా ఒక జోకుంది. శనివారం ఉదయాల్లో కార్ల పిచ్చివాళ్లు ఏదో ఒక పార్కింగ్ లాట్‌లో కలుస్తారు. వెళ్లిపోయేటప్పుడు మస్టాంగ్ వాడు అందరూ చూస్తున్నారని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతాడు, కారు వెనక భాగం జారుతుంది, కారు తిన్నగా జనం వైపు వెళుతుంది. అలాంటి వీడియోలు కోకొల్లలు. ఎక్కడ దొరికినా నా స్నేహితుడు వెంటనే గ్రూపులో పడేసేవాడు.

"నీ గుర్రానికి జనం కనబడొద్దు రా. కనబడితే సీదా మీదికే పోతది."

"రౌతు కొద్దీ గుర్రం. వాళ్లకి నడపడం రాదు, నాకు వచ్చు," అని రాసేవాణ్ణి. జోకుకు పైకి నవ్వేవాణ్ణి కానీ, అది నన్ను లోపల ఎక్కడో గుచ్చేది. ఎంతగా గుచ్చేదో ఆ తర్వాతగానీ నాకు తెలియలేదు.

అప్పుడప్పుడు మేము డ్రాగ్ స్ట్రిప్‌కి వెళ్లేవాళ్లం. రెండు కార్లు పక్కపక్కన నిలబడి పావుమైలు పరుగెత్తే ట్రాక్ అది. పరుగుకు ముందు అక్కడ వెనక టైర్ల కింద నీళ్లు పోస్తారు. ముందు చక్రాలకు బ్రేకు పట్టి ఉంచి, ఆ తడి మీద వెనక చక్రాలను ఉన్నచోటనే గిరగిరా తిప్పితే టైర్లు వేడెక్కి తెల్లటి పొగ లేస్తుంది, పట్టు పెరుగుతుంది. దీన్ని బర్నౌట్ అంటారు. నా కారులో ఒక బటన్ నొక్కితే చాలు, ముందు చక్రాలు బిగుసుకుంటాయి. పరుగులో నేను గెలిచింది తక్కువ, ఓడింది ఎక్కువ. బర్నౌట్‌లో మాత్రం నా పొగే పెద్దది. పొగ చూసి జనం అరిచినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకెక్కడా కలగలేదని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఇక దసరా సంగతి. మా గుడి ఒకప్పుడు గోడౌన్. ఏ పండుగైనా అక్కడ వారాంతానికే వస్తుంది. నవరాత్రుల ఆదివారం పార్కింగ్ లాట్‌లో వాహన పూజ జరుగుతుంది. క్యామ్రీలు, ఒడిస్సీలు, ఎలక్ట్రిక్ కార్లు వరసగా నిలబడతాయి. పంతులుగారు ఒక్కోదానికి పసుపు, కుంకుమ పెట్టి, హారతి ఇచ్చి, కొబ్బరికాయ కొట్టి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. కారును మెల్లగా కదిలించి నిమ్మకాయలు చిదిమితే పూజ అయినట్టు.

పంతులుగారు కోనసీమ నుంచి వచ్చిన కుర్రాడు. రెలిజియస్ వర్కర్ వీసా మీద వచ్చాడు. ఆ వీసా గుడికి ముడిపడి ఉంటుంది. గుడి వద్దనుకుంటే ఆయన ఈ దేశంలో ఉండడానికి లేదు. పొడిగింపుకు గుడి కమిటీ ఆ చలికాలంలోనే పేపర్లు పంపాల్సి ఉంది. ఆయన భార్య వచ్చి కొన్ని నెలలే అయింది. గుడి వెనక రెండు గదుల్లో ఉండేవారు.

అంతకు ముందు వారమంతా నేను గ్రూపులో ఊదరగొట్టాను. నిమ్మకాయను చిదమడం కాదు, రసం తీసి చూపిస్తానన్నాను. గుడి ముందు బర్నౌట్ ఇంతవరకూ ఎవరూ చేయలేదు. నేను చేస్తే చాలెంజర్ వాళ్ల నోళ్లు మూతపడతాయి. నా ఆలోచన అంతే.

నా వంతు వచ్చింది. పంతులుగారు కొబ్బరికాయ పట్టుకుని ముందు చక్రం దగ్గరకు నడిచారు.

"పంతులుగారూ, అక్కడ కాదు. వెనక చక్రం ముందు కొట్టండి. నిమ్మకాయలూ అక్కడే. చెంబులో నీళ్లు కూడా అక్కడే పోసేయండి, రెండు పక్కలా."

"ముందు చక్రాలకి కదండీ పెడతాం?"

"ఈ కారుకి బలమంతా వెనక చక్రాల్లోనే ఉంటుంది. బలం ఉన్నచోట పూజ చేయడమే కదండీ శాస్త్రం?"

"ఓహో, అలాగాండీ! నాకు కార్ల గురించి ఏం తెలుసండీ," అని నవ్వుతూ రెండు టైర్ల ముందూ కొబ్బరికాయలు కొట్టి, చెంబెడు నీళ్లూ పోశారు.

నా స్నేహితుడి కారు నా వెనకే ఉంది. అతను దిగి వచ్చాడు. తడిసిన టైర్లను చూడగానే అతనికి అర్థమైపోయింది. ఆ పార్కింగ్ లాట్‌లో అది అర్థమయ్యేది అతనొక్కడికే.

"ఏం జేస్తున్నవ్ రా? ఇది గుడి."

"జ్యూస్ తీస్తున్నా. వీడియో సరిగ్గా తియ్యి."

"పిల్లలున్నరు. సప్పుడు జెయ్యకుండ ముందుకు పోనియ్."

"భయమా? నెక్స్ట్ నువ్వే కదా. ఆ సోఫాతో చేసి చూపించు."

అతను పిల్లల్ని వెనక్కి జరిపాడు. నేను అది అసూయ అనుకున్నాను.

బటన్ నొక్కి, యాక్సిలరేటర్ తొక్కాను. టైర్లు తిరిగాయి. నిమ్మవాసన, కాలిన రబ్బరు వాసన, కొబ్బరి వాసన కలిసి లోపలికి వచ్చాయి. పొగ లేచింది. పిల్లలు కేకలు వేశారు, ఎవరో ఈల వేశారు. బటన్ వదిలాను. అప్పుడు కాలు తీయాలి. తీయలేదు. కేకలు ఇంకా వినబడుతున్నాయి కాబట్టి తీయలేదు. కారు వెనక భాగం కుడివైపుకు జారింది. ప్రసాదం పంచుతున్న టెంటు గుంజకు తగిలింది. టెంటు కూలింది. పులిహోర పళ్లెం పట్టుకున్న ఒక ఆంటీ కింద పడ్డారు, బరువంతా ఆవిడ చేతి మీదే పడింది.

నేను కారు దిగాను. తారు మీద పులిహోర చెల్లాచెదురుగా ఉంది. అందరూ ఆంటీ చుట్టూ మూగారు. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. అడగకుండానే నా నోటి నుంచి మొదటి మాట వచ్చేసింది:

"కింద నీళ్లున్నాయండీ. పంతులుగారు నీళ్లు పోసేశారు."

అందరూ పంతులుగారి వైపు చూశారు. ఆయన అప్పటికే ఆంటీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. "అవునండీ, నేనే పోశానండీ... నేనే," అన్నారు.

నేను ఇన్సూరెన్స్‌కి భయపడి ఆ మాట అన్నానని తర్వాత నా భార్య అనుకుంది. నేనూ ఔనన్నాను, అది కొంచెం పెద్దమనిషి కారణంలా ఉంటుందని. నిజం అది కాదు. మస్టాంగ్ జనం మీదికి వెళ్లింది. దేశమంతా నవ్వే ఆ జోకు నా చేతుల్లో, నా స్నేహితుడి కళ్లముందే జరిగింది. దాన్ని ఒప్పుకోకుండా ఉండడానికి ఏ మాట దొరికితే ఆ మాట అనడానికి నేను సిద్ధంగా ఉన్నాను. దొరికింది ఆ కుర్రాడు.

ఆంటీకి మణికట్టు విరిగింది. ఆ సాయంత్రం నుంచి నేను ఫోన్ చూసుకుంటూనే ఉన్నాను. గ్రూపులో ఎవరో ఒకరు ఆ జోకు వేస్తారు, ఏం జవాబు చెప్పాలా అని. నా స్నేహితుడు ఒక్క మాట కూడా రాయలేదు. అతని ఫోన్‌లో వీడియో ఉందో లేదో కూడా నాకు తెలియదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

తర్వాతి ఆదివారం గుడి హాల్లో కమిటీ అందరితో మీటింగ్ పెట్టింది. ప్రెసిడెంట్ గారు ఫార్మా కంపెనీలో పెద్ద ఉద్యోగి, నెమ్మదస్తుడు.

"ఇన్సూరెన్స్ వాళ్లు కాజ్ అడుగుతున్నారు. నీళ్లు పోసింది మన స్టాఫ్ కాబట్టి లయబిలిటీ మనదే అంటారు," అన్నారాయన. "పంతులుగారు మంచివాడే. కానీ ఇక్కడి సేఫ్టీ పద్ధతులు తెలియవు. ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేయాలా, అనుభవం ఉన్న వేరే ఆయన్ని చూసుకోవాలా? నెక్స్ట్ మీటింగ్‌లో డిసైడ్ చేద్దాం."

నా స్నేహితుడు లేచి నిలబడ్డాడు.

"సార్, పంతులుగారికేం తెల్వదు. వెనక టైర్ల కింద నీళ్లు పొయ్యమన్నది ఈయననే. బర్నౌట్ కోసం. నేను పక్కనే ఉన్న."

అందరూ నా వైపు తిరిగారు. ఏం చెప్పాలో నాకు క్షణంలో తట్టింది. నవ్వాను కూడా.

"ఆయన చాలెంజర్ పార్టీ అండీ. మస్టాంగ్ మీద ఏ కేసైనా పెడతారు."

హాలంతా నవ్వింది. మా గొడవ ఊళ్లో అందరికీ తెలుసు. ప్రెసిడెంట్ గారు కూడా నవ్వుతూ, "మీ కార్ల పోటీ దయచేసి గుళ్లోకి తేకండి బాబూ," అన్నారు. నా స్నేహితుడు ఇంకోసారి చెప్పడానికి ప్రయత్నించలేదు. కూర్చున్న ఫోల్డింగ్ కుర్చీ మడిచి గోడకు ఆనించి బయటికి వెళ్లిపోయాడు.

మేమిద్దరం ఒకరినొకరం ఎన్నో అనుకున్నాం. అవన్నీ ఇష్టంతో అనుకున్న మాటలే. ఆ ఇష్టాన్నే వాడుకుని అతని నిజాన్ని నేను అబద్ధం చేశాను. అబద్ధం చెప్పడం కంటే ఇది నీచం అని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ రోజు మాత్రం, కారు ఎక్కుతూ, బాగా తప్పించుకున్నాననే అనుకున్నాను.

కొన్నాళ్లకు, ఇంట్లో వ్రతానికి మంచిరోజు అడిగి రమ్మని నా భార్య పంపితే ఒక మధ్యాహ్నం గుడికి వెళ్లాను. పంతులుగారు ఎవరిదో కొత్త వ్యాన్‌కి పూజ చేస్తున్నారు. వ్యాన్ ఆయన అడిగాడు:

"పంతులుగారూ, నీళ్లు చల్లరా?"

"చక్రాల దగ్గర నేను నీళ్లు వాడడం లేదండీ. తెలియక పోస్తే ఒక అమ్మగారికి చెయ్యి విరిగిందండీ."

వాళ్లు వెళ్లిపోయాక నన్ను చూసి దగ్గరకు వచ్చారు. నామీద కోపంగా ఉంటారని అనుకున్నాను. ఆయన ముఖంలో ఉన్నది మొహమాటం.

"కారు బాగయ్యిందాండీ? మీకూ నావల్ల మాట వచ్చింది. ఆ అమ్మగారి కట్టు విప్పేదాకా ఒంటిపూట భోజనం అనుకున్నానండీ. రోజూ జపం చేస్తున్నాను. ఇంకేం చేయగలనండీ?"

"అంత అవసరం లేదండీ," అన్నాను.

"మా ఆవిడ కుక్కర్ ఎవరికైనా ఇచ్చేద్దామా అని అడుగుతోందండీ. మళ్లీ ఊరికి మోసుకెళ్లడం ఎందుకని."

"మీ తప్పేం లేదు పంతులుగారూ."

"మీరు పెద్దమనసుతో అంటున్నారు."

తర్వాతి వాక్యం నా నోట్లోనే ఉంది. నీళ్లు పొయ్యమన్నది నేను, కాలు తీయనిది నేను. అంతకంటే పెద్ద వాక్యం కూడా కాదు. నేను వ్రతానికి మంచిరోజు అడిగాను. ఆయన పంచాంగం చూసి చెప్పారు. దణ్ణం పెట్టి వచ్చేశాను.

నా అబద్ధాన్ని ఆయన నిజమని నమ్మాడు. నేను చేసిన దానికి ఆయన ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నాడు. నా మీద కోపగించుకుని ఉంటే నేను ఇంకొన్నాళ్లు నన్ను నేను సమర్థించుకుని ఉండేవాణ్ణేమో.

ఆ శనివారం నా భార్య వాడే కారులో స్నేహితుడి ఇంటికి వెళ్లాను. అతను డ్రైవ్‌వేలో చాలెంజర్ కడుగుతున్నాడు. పైపు ఆపలేదు.

"మీటింగ్‌లో నేను అన్నది తప్పు రా," అన్నాను. "పంతులుగారి సంగతి కూడా. అంతా నేనే."

"నాకెందుకు జెప్తున్నవ్? నాకు తెల్వనిదా?"

"రేపటి మీటింగ్‌కి నాతో వస్తావా?"

అప్పుడు పైపు ఆపాడు.

"రాను. నేనొస్తే మళ్ల చాలెంజర్ పార్టీ అంటరు. చెప్పేదుంటే నువ్వొక్కనివే పోయి చెప్పు."

మర్నాడు చెప్పాను. బర్నౌట్ అంటే ఏమిటో, దానికి నీళ్లెందుకో మొదట వివరించాల్సి వచ్చింది. అక్కడున్న వాళ్లలో చాలామందికి ఆ మాటే కొత్త. చెబుతున్నకొద్దీ ముఖాలు మారాయి. ప్రెసిడెంట్ గారు అడిగారు:

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదండీ? మీ ఫ్రెండ్ లేచి చెప్పారు కూడా."

ఇన్సూరెన్స్‌కి భయపడ్డానంటే అందరూ అర్థం చేసుకునేవారు.

"మా ఫ్రెండ్ నవ్వుతాడని," అన్నాను.

ఆంటీ వెనక వరసలో కూర్చుని ఉన్నారు. కట్టు ఇంకా విప్పలేదు.

"నవ్వుతాడనా బాబూ?" అన్నారు. తిట్టలేదు. నిజంగానే ఆవిడకు అర్థం కాలేదు.

పంతులుగారి పొడిగింపుకు పేపర్లు పంపుతామని అక్కడే తేల్చారు. వాహన పూజకు ఇక మీదట నన్ను కారు తేవద్దన్నారు. సరేనన్నాను. నష్టమంతా నా ఇన్సూరెన్స్ మీదికే వచ్చింది.

హాల్లోంచి బయటికి వచ్చేసరికి పంతులుగారికి విషయం తెలిసిపోయింది. వెనక గదుల దగ్గర నిలబడి ఉన్నారు.

"ఒంటిపూట అని నేను చెప్పినప్పుడు కూడా మీకు తెలుసన్నమాట," అన్నారు.

"తెలుసు."

"ఊఁ." గుమ్మం వైపు ఒకసారి చూశారు. "మీరు పొయ్యమన్నారని నాకు గుర్తే ఉందండీ. కానీ శాస్త్రం అన్నారు కదా. వద్దనాల్సింది నేనే కదా అనుకున్నాను."

క్షమించమన్నాను. ఆయన తల ఊపారు. అది క్షమించడమో, విన్నానని చెప్పడమో నాకు తెలియలేదు, అడగలేదు. గుమ్మం లోపల నిలబడి ఆయన భార్య అంతా విన్నది. ఆ అమ్మాయి నాతో మాట్లాడడం అదే మొదటిసారి.

"కమిటీలో చెప్పారటండీ. ఈయన మీద మాట పడింది పార్కింగ్ లాట్‌లో కదండీ. అక్కడున్న వాళ్లకి ఎవరు చెబుతారు?"

వచ్చే ఆదివారం నేనే చెబుతానన్నాను.

కారు అమ్మేశాను అని రాస్తే బాగుంటుంది. అమ్మలేదు. ఆ ఆదివారం అందులోనే వెళ్లి, గుడికి దూరంగా ఆపి, నడిచి వచ్చాను. జనం ప్రసాదం ప్లేట్లు పట్టుకుని పార్కింగ్ లాట్‌లో గుంపులుగా నిలబడి ఉన్నారు. ఒక్కో గుంపు దగ్గరకు వెళ్లి చెప్పాను. కొందరు "పోనీలెండి" అన్నారు. కొందరు పిల్లల్ని దగ్గరకు తీసుకున్నారు. నా స్నేహితుడు దూరం నుంచి చూస్తున్నాడు, దగ్గరకు రాలేదు. పంతులుగారి భార్య గుమ్మంలో నిలబడి వింటోంది.

చివరి గుంపులో కొత్తగా ఊరికి వచ్చిన ఒకాయన నా మాటలన్నీ శ్రద్ధగా విన్నాడు. విని, ప్లేటు కింద పెట్టి, కళ్లు మెరుస్తుండగా అడిగాడు:

"ఇంతకీ ఎన్ని హార్స్‌పవర్ అండీ మీది?"

చెప్పాను. ఆ సంఖ్య చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం లేచింది. నాకే వినబడింది.